చక్రం చూసి ఊరు చెప్పాలి!

బొమ్మ రైలు కొనడం సులువే. సికింద్రాబాద్ రైలును బల్లమీద నడపడమే కష్టం. ఇంజిను రంగు కుదురుతుంది, పెట్టెల కిటికీలు కుదురుతాయి, నేమ్‌బోర్డు మీద తెలుగు అక్షరాలూ కుదురుతాయి. చక్రం దగ్గరకొచ్చేసరికి మాత్రం లెక్క తప్పుతుంది. ఎందుకంటే, ఈ ఊరి చక్రాల కథే వేరు!

సికింద్రాబాద్ స్టేషన్ బయట నిలబడి తల పైకెత్తితే మెట్రో. తల దించి లోపలికి నడిస్తే పది ప్లాట్‌ఫారాల పెద్ద రైళ్లు. ఆ పక్కనే ఒకప్పుడు, కూత కూడా కాస్త సన్నగా వినిపించే మీటర్‌గేజ్ బండ్లు. నాలుగడుగులు నడిస్తే చాలు, మూడు రకాల పట్టాల చరిత్ర. 1676 మిల్లీమీటర్లు, 1000 మిల్లీమీటర్లు, 1435 మిల్లీమీటర్లు... ఒక్క ఊరు, మూడు కొలతలు. వాటిలో ఒకటి ఇప్పుడు లేదు.

మోడల్ రైల్వే మీద మోజున్నవాళ్లకు ఈ మూడు అంకెలే మొదటి పాఠం. రైలును 87 రెట్లు చిన్నది చేసి బల్లమీద నడపాలంటే ముందు కొనాల్సింది ఇంజినూ కాదు, పెట్టెలూ కాదు. చక్రం! దాన్నిబట్టే పట్టా. పట్టానుబట్టే మలుపు. మలుపునుబట్టే గదిలో ఎంత చోటు కావాలన్నది. చక్రం దగ్గర పొరపాటు చేస్తే ఆనక ఎంత ఖర్చుపెట్టినా బండి పట్టాలెక్కదు. ఎక్కినా అది సికింద్రాబాద్ బండిలా ఉండదు.

మూడు కొలతల ఊరు

సికింద్రాబాద్‌కు రైలొచ్చింది 1874లో. అప్పటికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఇంకా చిన్నపిల్లాడు. రాజ్య వ్యవహారాలు చూస్తున్నది దివాన్ సాలార్‌జంగ్. బొంబాయి-మద్రాసు దారిలో ఉన్న వాడి నుంచి సికింద్రాబాద్‌కు లైను వేశారు. ఇక్కడున్న కంటోన్మెంటుకు సైన్యం, సామగ్రి సాఫీగా చేరాలి. మధ్యలో దింపి ఎక్కించే పని ఉండకూడదు. అందుకే ప్రధాన మార్గంలో ఉన్న బ్రాడ్‌గేజే ఇక్కడికీ వచ్చింది. రెండు పట్టాల మధ్య దూరం 5 అడుగుల 6 అంగుళాలు... అంటే 1676 మిల్లీమీటర్లు. 1883లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ ఏర్పడింది. 1889కల్లా ఆ పట్టాలు బెజవాడ దాకా సాగాయి.

బ్రాడ్‌గేజ్ దిట్టమైనదే కానీ ఖర్చెక్కువ. 1870 ప్రాంతంలో వైస్రాయ్ లార్డ్ మేయో ప్రభుత్వం చవగ్గా అయిపోయే దారి వెతికింది. అలా దేశంలోకి మీటర్‌గేజ్ వచ్చింది. నిజాం రాజ్యంలో ఆ గేజుకు పెద్దదిక్కు హైదరాబాద్-గోదావరి వ్యాలీ రైల్వే. నిజామాబాద్, నాందేడ్, ఔరంగాబాద్ మీదుగా మన్మాడ్ దాకా వెళ్లే ఈ దారి 1900 ప్రాంతంలో పూర్తయింది. మరాఠ్వాడా పత్తికి అదే బాట. ఆ తర్వాత మహబూబ్‌నగర్, గద్వాల వైపూ మీటర్‌గేజే పరుచుకుంది. 1916లో కట్టిన కాచిగూడ స్టేషన్ దానికి ఠీవి తెచ్చింది.

ఇక మూడోది మెట్రో. 2017 నవంబరులో హైదరాబాద్ మెట్రో మొదలైంది. దాని గేజు బ్రాడూ కాదు, మీటరూ కాదు. ప్రపంచంలో ఎక్కువ దేశాలు వాడే స్టాండర్డ్ గేజ్... 1435 మిల్లీమీటర్లు. సికింద్రాబాద్ ఈస్ట్, మెట్టుగూడ, తార్నాక మీదుగా నాగోలు వైపు సాగే బండి చక్రాలూ, కింద సికింద్రాబాద్‌లో ఆగే ఎక్స్‌ప్రెస్ చక్రాలూ ఒకదాని పట్టామీద ఒకటి నడవలేవు.

జానెడు దగ్గరే పేచీ!

మోడల్ రైళ్లలో ప్రపంచమంతా ఎక్కువగా వాడే కొలత హెచ్ఓ. అసలు రైలులో 87వ వంతు. దీనికి తయారయ్యే పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. దాన్ని 87తో హెచ్చిస్తే 1435 వస్తుంది. అంటే అది స్టాండర్డ్ గేజ్! జర్మనీ, అమెరికా, ఫ్రాన్సు, చైనా బండ్లకు అతికినట్టు సరిపోతుంది. విచిత్రమేంటంటే, సికింద్రాబాద్‌లోనూ ఒక రైలుకు పక్కాగా సరిపోతుంది... తలమీద పోయే మెట్రోకు.

కింద పోయే రైలుకో? 1676ను 87తో భాగిస్తే 19.3 వస్తుంది. బజారులో దొరికే చక్రాల జత 16.5 పట్టాకు చేసింది. తేడా 2.8 మిల్లీమీటర్లే. బియ్యపుగింజ మందానికి కాస్త ఎక్కువ. కానీ అసలు రైలు లెక్కలో చూస్తే 241 మిల్లీమీటర్లు... జానెడు పైమాటే! మన ఎక్స్‌ప్రెస్‌ను జానెడు ఇరుకైన పట్టాలమీద నిలబెట్టినట్టు. పక్కనుంచి చూస్తే ఎవరికీ తెలియదు. ఎదురుగా నిలబడి చూస్తే మాత్రం, పెద్ద చొక్కా తొడుక్కుని కాళ్లు దగ్గరగా పెట్టి నిలబడిన మనిషిలా ఉంటుంది. రోజూ ప్లాట్‌ఫారం చివర నిలబడి రైలు లోపలికి రావడం చూసినవాళ్ల కన్ను దీన్ని ఇట్టే పట్టేస్తుంది. మన రైలు నడకలో ఉండే ఆ వెడల్పు, ఆ నిబ్బరం లేకుండా పోతుంది.

ఈ బాధ మనకొక్కరికే కాదు. స్పెయిన్ పాత లైన్ల గేజు 1668 మిల్లీమీటర్లు. రష్యాది 1520. అక్కడి బండ్ల మోడళ్లు కూడా ఎక్కువగా 16.5 పట్టామీదే తిరుగుతాయి. ఐర్లండ్ గేజు 1600. అక్కడ కొందరు రాజీపడకుండా తమ స్కేలుకు సరిపడేలా 21 మిల్లీమీటర్ల పట్టాలు సొంతంగా వేసుకుంటారు. ఇంగ్లండులో మరో తంతు. వాళ్ల ఇంజిన్లు సైజులో చిన్నవి. ఆ రోజుల్లో దొరికే మోటార్లు లోపల పట్టలేదు. దాంతో పెట్టెను పెద్దది చేశారు, పట్టాను మాత్రం 16.5 దగ్గరే ఉంచేశారు. ఆ రాజీకే ఓఓ అని పేరు. ఇప్పటికీ అక్కడ అదే చలామణీ.

రాజీ ఇష్టంలేని ఇంగ్లిషువాళ్లు మరో రెండు కొలతలు పుట్టించారు. ఒకటి 18.2 మిల్లీమీటర్లది, ఈఎం. రెండోది 18.83 మిల్లీమీటర్లది, పీ4. అవి వాళ్ల స్కేలు కోసం చేసుకున్నవి. కానీ సికింద్రాబాద్ లెక్కలో పెట్టి చూడండి. 87తో హెచ్చిస్తే 18.2 కాస్తా 1583 అవుతుంది. మన బ్రాడ్‌గేజ్‌కు బెత్తెడు తక్కువ. 18.83 అయితే 1638. రెండు వేళ్ల వెడల్పు తక్కువ, అంతే! ఎవరో తమ ఊరి కోసం చేసుకున్న చక్రం మన ఊరి బండికి దాదాపు సరిపోతోందన్నమాట.

అంటే బ్రాడ్‌గేజ్ మోడల్ చేయాలనుకునేవారికి ముందున్న దారులు మూడు. జానెడు తేడా ఒప్పుకుని 16.5తో సర్దుకోవడం. ఇంగ్లండు చక్రాలు, ఇరుసులు తెప్పించుకుని రెండు వేళ్ల తేడాతో సరిపెట్టుకోవడం. లేదంటే ఇరుసు కోసి, చక్రం చెక్కి, 19.3 మిల్లీమీటర్లకు సొంతంగా కట్టడం. మొదటిదానికి పట్టాలు రెడీమేడ్‌గా దొరుకుతాయి. మిగతా రెండింటికీ పట్టాను చాలావరకు చేత్తో వేసుకోవాల్సి రావచ్చు. తిన్నని పట్టా ఎవరైనా వేస్తారు. ఒక లైను నుంచి మరో లైనుకు మళ్లించే పాయింట్లు కట్టడంలోనే ఉంటుంది అసలు పరీక్ష. చక్రం ఎంపిక అంటే తీరిక ఎంత ఉందో, ఓపిక ఎంత ఉందో చెప్పుకోవడం కూడా.

లాలాగూడ నేర్పే పాఠం

చక్రం అంటే ఏమిటో తెలియాలంటే లాలాగూడ పేరు తలవాల్సిందే. 1893లో నిజాం రైల్వే ఇక్కడ వర్క్‌షాప్ పెట్టింది. మెట్టుగూడ, చిలకలగూడ, లాలాగూడ బస్తీల్లో తాతల నుంచి రైల్వే జీతమ్మీద బతికిన కుటుంబాలు ఎన్నో. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టి, సికింద్రాబాద్ దానికి కేంద్రమయ్యాక ఆ బంధం ఇంకా పెరిగింది. లాలాగూడ క్యారేజ్ వర్క్‌షాప్‌లో పెట్టెలకు మరమ్మతులు జరుగుతాయి. ఆ పక్కనే ఎలక్ట్రిక్ లోకోషెడ్.

అసలు రైల్లో రెండు చక్రాలనూ ఇరుసుకు బిగించేస్తారు. కారు చక్రాల్లా వేర్వేరుగా తిరగవు. మరి మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం వెళ్లాలి కదా, ఎలా? కిటుకంతా చక్రం వాలులో ఉంది. పట్టామీద ఆనే భాగం చదునుగా ఉండదు. లోపలి వైపు లావుగా, బయటకు వచ్చేకొద్దీ సన్నగా, సుమారు 20కి 1 చొప్పున వాలుతుంది. మలుపు రాగానే ఇరుసు కాస్త పక్కకు జరుగుతుంది. బయటి చక్రం లావుపాటి భాగం మీదా, లోపలిది సన్నపాటి భాగం మీదా నడుస్తాయి. బండి తనంతట తానే తిరుగుతుంది. లోపలి వైపున్న అంచు ఆఖరి కాపలాదారు మాత్రమే.

ఇంట్లో పిల్లలకు ఇది చూపించడం చిటికెలో పని. రెండు పేపరు టీకప్పులు తీసుకుని మూతులు కలిపి టేపు వేయాలి. రెండు స్కేళ్లను పట్టాల్లా పెట్టి, కాస్త వాలుగా ఉంచి దొర్లిస్తే కప్పులు అటూ ఇటూ ఊగినా మళ్లీ మధ్యలోకే వస్తాయి. ఇప్పుడు మూతులకు బదులు అడుగులు కలిపి దొర్లిస్తే... నాలుగంగుళాలు పోకముందే పడిపోతాయి. రైలు పట్టాలు తప్పకుండా ఎందుకు పోతుందో ఏ పుస్తకమూ ఇంత బాగా చెప్పదు.

మంచి మోడల్ చక్రంలోనూ ఇదే వాలు ఉంటుంది. అమెరికా మోడల్ రైల్వే సంఘం ఎప్పుడో రూపొందించిన ఆర్పీ-25 అనే కొలతలో ఆ వాలు 3 డిగ్రీలు. అసలు చక్రానికి దాదాపు సమానం. తేడా అంతా అంచు దగ్గరా, వెడల్పు దగ్గరా వస్తుంది. మన రైలు చక్రం వెడల్పు 127 మిల్లీమీటర్లు. 87వ వంతు చేస్తే మిల్లీమీటరున్నర. బజారులో మామూలుగా దొరికే కోడ్ 110 చక్రం 2.8 మిల్లీమీటర్లు ఉంటుంది. కాస్త నాజూకైన కోడ్ 88 అయితే 2.2. అంచు లోతు అసలుకు సుమారు 28 మిల్లీమీటర్లు... చిన్నది చేస్తే మిల్లీమీటరులో మూడోవంతు. మోడల్‌లో దానికి రెట్టింపు ఇస్తారు.

ఎందుకీ మోసం? గది చిన్నది కనుక! మన బ్రాడ్‌గేజ్ మీద అనుమతించే అతి బిగువైన మలుపు వ్యాసార్థం 175 మీటర్లు. 87వ వంతు అంటే 2 మీటర్లు. అర్ధచంద్రాకారంగా తిప్పాలంటే గోడ నుంచి గోడకు 4 మీటర్లు కావాలి. పది బై పన్నెండు అడుగుల అపార్ట్‌మెంటు గదిలో ఆ మాటే ఎత్తకూడదు. అందుకే మోడల్ పట్టాలు అరమీటరు కన్నా తక్కువ వ్యాసార్థంతో కూడా తిరిగిపోతాయి. అంత బిగువు మలుపులో, అంత తేలికైన బండి పడిపోకుండా ఉండాలంటే లోతైన అంచు తప్పదు. అంటే, చక్రం నిజంలా కనిపించాలా, గదిలో గిరగిరా తిరగాలా అన్నది ముందే తేల్చుకోవాలి. రెండూ కావాలంటే ఇల్లు మారాలి!

ఎక్స్‌ప్రెస్‌కు ఒకటి, గూడ్సుకు ఒకటి

గేజు తేలిందా? తర్వాత చూడాల్సింది చక్రం ఎత్తు. బొగ్గింజన్ల కాలంలో చక్రం చూసి బండి పని చెప్పేవాళ్లు. చక్రం పెద్దదైతే వేగం, చిన్నదైతే బలం. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే మన పట్టాలెక్కిన ఎక్స్‌ప్రెస్ ఇంజిను డబ్ల్యూపీ. బుల్లెట్‌లాంటి ముక్కు, దానిమీద నక్షత్రం... పాత ఫొటోల్లో చూసే ఉంటారు. దాని పెద్ద చక్రాలు 5 అడుగుల 7 అంగుళాలు. నిలబడిన మనిషెత్తు! గూడ్సులు లాగే డబ్ల్యూజీ చక్రం 5 అడుగుల అంగుళంన్నర. మీటర్‌గేజ్‌లో ఎక్స్‌ప్రెస్ వైపీ చక్రం నాలుగున్నర అడుగులు, గూడ్సు వైజీది నాలుగడుగులు.

హెచ్ఓలోకి మారిస్తే ఇవి వరసగా 19.6, 18, 15.8, 14 మిల్లీమీటర్లు. డబ్ల్యూపీకి ఒక వైపు మూడు పెద్ద చక్రాలు, డబ్ల్యూజీకి నాలుగు. తొందరపడి డబ్ల్యూపీకి 18 మిల్లీమీటర్ల చక్రం వేస్తే ఎక్స్‌ప్రెస్ కాస్తా గూడ్సులా కుంగిపోతుంది. డబ్ల్యూజీకి 20 వేస్తే చక్రాలు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. మోడల్‌లో అంచు లోతు ఎక్కువ కాబట్టి ఆ చిక్కు ఇంకాస్త ముందే వస్తుంది. అందుకే చాలామంది అసలు కొలతకన్నా ఓ అరమిల్లీమీటరు తగ్గించే తీసుకుంటారు.

కరెంటు ఇంజిన్ల దగ్గర మాత్రం అదృష్టం కలిసొస్తుంది. లాలాగూడ షెడ్డు పేరుతో కనిపించే డబ్ల్యూఏపీ-7 ఇంజిను చక్రం కొత్తగా ఉన్నప్పుడు 1092 మిల్లీమీటర్లు. నడిచి నడిచి, అరిగినప్పుడల్లా లేత్ మీద చెక్కి చెక్కి 1016కు వచ్చేసరికి మార్చేస్తారు. అంటే బల్లమీద 12.5 నుంచి 11.7 మధ్య ఏ చక్రం వేసినా తప్పు కాదు! 12 మిల్లీమీటర్ల రెడీమేడ్ చక్రం వేసి, సగం సర్వీసు చేసిన ఇంజిను అని ధీమాగా చెప్పొచ్చు.

పెట్టెలకైతే ఇంకా సులువు. చెన్నై ఐసీఎఫ్ పెట్టె చక్రం 915 మిల్లీమీటర్లు. అమెరికా ప్రయాణికుల పెట్టెల చక్రం 36 అంగుళాలు. రెండూ ఒకటే! అక్కడివాళ్ల కోసం తయారయ్యే 10.5 మిల్లీమీటర్ల చక్రం మన నీలిరంగు పెట్టె కింద చక్కగా అమరుతుంది. మన గూడ్సు వ్యాగన్లలో మామూలుగా కనిపించేది 1000 మిల్లీమీటర్ల చక్రం. దానికి 11.5 తీసుకోవాలి.

బొగ్గింజనుకు మరో మెలిక. కుడివైపు చక్రానికి కడ్డీ తగిలించే మేకు ఒకచోట ఉంటే, ఎడమవైపు మేకు దానికి సరిగ్గా పావు చుట్టు తేడాలో ఉండాలి. రెండు వైపులా ఒకేచోట ఉంటే ఇంజిను ఆగినచోటు నుంచి కదలలేని సందర్భం వస్తుంది. మోడల్‌లో నడిపేది మోటారే అయినా, అన్ని ఇరుసులకూ ఈ తేడా ఒకేలా లేకపోతే కడ్డీలు పట్టేసి బండి కుంటుతుంది. బొగ్గింజను చక్రాలు విడిగా కొనేవారు, ఆ కోణం కుదిర్చే చిన్న పనిముట్టు కూడా కొనుక్కోవడం మంచిది.

మీటర్‌గేజ్ అభిమానులకు తీపి కబురు

ఒకప్పుడు కాచిగూడ అంటే మీటర్‌గేజ్. మన్మాడ్ వెళ్లే అజంతా ఎక్స్‌ప్రెస్, తిరుపతి వైపు వెళ్లే వెంకటాద్రి... ఆ పేర్లు చెబితే ఇప్పటికీ పాతబస్తీ పెద్దవాళ్ల ముఖాలు వెలుగుతాయి. శిరిడీ, ఎల్లోరా యాత్రలకూ, శ్రీవారి దర్శనానికీ వెళ్లిన బండ్లవి. 1992లో యూనిగేజ్ కార్యక్రమం మొదలైంది. దేశంలో దాదాపు అన్ని లైన్లనూ బ్రాడ్‌గేజ్ చేసే పని. ఇక్కడి దారులూ ఒక్కొక్కటిగా మారిపోయాయి. పేర్లు మిగిలాయి, పట్టాలు పోయాయి. 2003 ఆగస్టులో మొదలైన ఎంఎంటీఎస్ రైళ్లు కాచిగూడ మీదుగా ఫలక్‌నుమా దాకా తిరిగేది ఒకప్పటి మీటర్‌గేజ్ బాటలోనే. రోజూ ఎక్కే కుర్రాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలియదు.

వేసిన పట్టా తీసేస్తే నేలమీద ఆనవాలు మిగలదు. భవనం కూల్చితే పునాది అయినా కనిపిస్తుంది, గేజు మారితే అదీ ఉండదు. అందుకే మీటర్‌గేజ్‌ను బతికించుకునే చోటు ఇక బల్లే. ఇక్కడ లెక్క కూడా కరుణిస్తుంది. 1000ని 87తో భాగిస్తే 11.5. స్విట్జర్లాండ్ కొండ రైళ్ల కోసం యూరప్ కంపెనీలు 12 మిల్లీమీటర్ల పట్టాలు, చక్రాలు చేస్తున్నాయి. అరమిల్లీమీటరు తేడా! అసలు రైలు లెక్కలో 44 మిల్లీమీటర్లు. బ్రాడ్‌గేజ్‌కు జానెడు దూరంలో ఆగిపోయిన రెడీమేడ్ బజారు, మీటర్‌గేజ్‌కు మాత్రం ఇంత దగ్గరగా వచ్చేసింది. ఇంజిను పైభాగం, పెట్టెలు మాత్రం సొంతంగా చేసుకోవాలి. త్రీడీ ప్రింటర్లు వచ్చాక అదీ అందుబాటులోకి వచ్చింది. మీటర్‌గేజ్ పెట్టె చక్రం 725 మిల్లీమీటర్లు కాబట్టి, 8.3 మిల్లీమీటర్ల చక్రం చూసుకుంటే చాలు.

జర్మన్ సిల్వరే ఎందుకు?

చక్రం ఏ లోహంతో చేసిందన్నదీ ముఖ్యమే. మోడల్ ఇంజినుకు కరెంటు పట్టాలోంచి చక్రం ద్వారానే అందాలి. చక్రం మురికి పట్టిందా... బండి ఆగిపోతుంది. ప్లాస్టిక్ చక్రం చవక. కానీ మురికిని లాక్కుని పట్టాలన్నిటికీ పూసి పెడుతుంది. ఇనుప చక్రాన్ని వానాకాలం వదలదు. ఇత్తడి సంగతి మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. చింతపండుతో తోమని చెంబు నాలుగు రోజులకు ఎలా అవుతుందో ఇత్తడి చక్రమూ అంతే. ఎక్కువమంది ఎంచుకునేది నికెల్ సిల్వర్. పెళ్లిళ్లలో రిటర్న్ గిఫ్టులుగా ఇచ్చే జర్మన్ సిల్వర్ గిన్నెలది కూడా ఈ జాతే. పేరులోనే వెండి, లోపల వీసమెత్తు కూడా ఉండదు. రాగి, నికెల్, జింక్ కలిసిన లోహం. త్వరగా మసకబారదు, కరెంటు బాగా పారుతుంది.

రెండు చక్రాల మధ్య కరెంటు తెగి ఉండాలన్నది మరిచిపోకూడదు. ఒక పట్టాలో ప్లస్, రెండోదాంట్లో మైనస్ ఉంటాయి. లోహపు ఇరుసు రెండింటినీ కలిపేస్తే షార్ట్ సర్క్యూటే. అందుకే కనీసం ఒక చక్రానికైనా మధ్యలో ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది. ఇక కొన్ని ఇంజిన్ల చక్రాలకు సన్నటి రబ్బరు తొడుగు కనిపిస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు జారకుండా పట్టు ఇస్తుంది కానీ, ఆ చక్రం నుంచి కరెంటు అందదు. తొడుగు ఉన్న చక్రాలు రెండుకు మించకుండా ఉంటే మేలు.

జంటనగరాల్లో ఈ పనికి కావాల్సినవన్నీ ఒకేచోట దొరకవు. కానీ వెతికితే దొరకనిదీ లేదు. బేరింగులు, స్క్రూలు, చిన్న డ్రిల్లు బిట్లకు రాణిగంజ్ ఉంది. చిన్న మోటార్లు, వైర్లు, స్విచ్చులకు కోఠి గుజరాతీ గల్లీ ఉంది. ఇరుసు కోయడానికీ, చక్రం అంచు తగ్గించడానికీ బాలానగర్, చర్లపల్లి లేత్ మిషన్లున్నాయి. మిల్లీమీటరులో పదోవంతు తేడా రాకుండా చెక్కే చేతులు ఆ సందుల్లో చాలానే ఉన్నాయి. కాకపోతే గీసిన బొమ్మ, కొలతలు పట్టుకెళ్లాలి. మాటలతో చెబితే కుదరదు.

అసలు చక్రాలదీ ఇంతకన్నా పెద్ద ప్రయాణమే. రైల్వేకు చక్రాలు, ఇరుసులు బెంగళూరు యలహంకలో 1984లో మొదలైన కర్మాగారం నుంచి వస్తాయి. మన విశాఖ ఉక్కు సంస్థ కూడా చక్రాల కోసం ఉత్తరప్రదేశ్‌లోని రాయ్‌బరేలీ జిల్లా లాల్‌గంజ్‌లో ప్లాంటు పెట్టింది. చిన్న చక్రమైనా పెద్ద చక్రమైనా ఎక్కడో పుట్టి ఇక్కడికి చేరాల్సిందే.

కొనేముందు...

* ముందు గది కొలవండి. గుండ్రంగా తిరిగే రైలు కావాలంటే 16.5 గేజు, ఆర్పీ-25 చక్రాలతో మొదలుపెట్టడమే తెలివి.

* గుండ్రంగా తిరగక్కర్లేదు, ప్లాట్‌ఫారంలోకి వచ్చి ఆగితే చాలనుకుంటే గోడవెంట ఎనిమిదడుగుల అర సరిపోతుంది. ఒక్కో పెట్టె పావుమీటరు. ఇంజినుతోపాటు ఏడెనిమిది పెట్టెలు పడతాయి. అసలు గేజుకు దగ్గరగా వెళ్లే సాహసం ఇక్కడ చేయొచ్చు. 24 పెట్టెల పూర్తి రైలు కావాలంటే మాత్రం 6 మీటర్లకు పైనే చోటు చూసుకోవాలి.

* వెర్నియర్ కాలిపర్స్ ఒకటి ఉంచుకోండి. ఇంటర్ పిల్లలుంటే ఇంట్లోనే నిపుణులున్నట్టు. 16.5 గేజులో రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం 14.4 మిల్లీమీటర్ల దగ్గర ఉండాలి. అసలు బ్రాడ్‌గేజ్‌లోనూ ఇలాంటి కొలత ఒకటుంది... 1600 మిల్లీమీటర్లు. పాయింట్ల దగ్గర బండి పడిపోతోందంటే, సగం సందర్భాల్లో తప్పు పట్టాది కాదు, ఈ కొలతది.

* వేర్వేరు రకాల చక్రాలు కలిపి కొనొద్దు. నాజూకు చక్రానికి లోతు పాయింట్లు, లోతు చక్రానికి నాజూకు పాయింట్లు సరిపడవు.

* పిల్లలకోసం కొంటుంటే నిజమైన కొలతలకన్నా బండి ఆగకుండా నడవడమే ముఖ్యం. పదిసార్లు పడిపోయే రైలు మీద ఏ పిల్లాడికీ ప్రేమ పుట్టదు.

ఏది నిజమైన రైలు?

మోడల్ రైళ్ల లోకం ఎంత పెద్దదో చూడాలనుకునేవాళ్లు పుణె వెళ్తారు. అక్కడి జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం 1998 నుంచి నడుస్తోంది. అంతా హెచ్ఓ కొలతలోనే. నిజాం రైల్వే సంగతులు తెలుసుకోవాలంటే అంత దూరం వెళ్లక్కర్లేదు. కాచిగూడ స్టేషన్‌లోనే చిన్న మ్యూజియం ఉంది. కానీ సికింద్రాబాద్ స్టేషన్‌ను ఉన్నదున్నట్టు చూడాలంటే ఇప్పుడు పాత ఫొటోలే దిక్కు. 2023 ఏప్రిల్‌లో కొత్త స్టేషన్‌కు శంకుస్థాపన జరిగింది. 2025లో, దశాబ్దాలుగా ఊరికి గుర్తుగా నిలిచిన పాత ముఖద్వారం భవనం నేలకూలింది. పెరిగిన జనానికి కొత్త స్టేషన్ కావాల్సిందే. అయినా, ఆ మెట్ల దగ్గర ఎవరికోసమో ఎదురుచూసిన లక్షల మందికి ఏదో వెలితి.

అలాంటప్పుడే 2.8 మిల్లీమీటర్లు చిన్న విషయంలా కనిపించదు. జానెడు ఇరుకు పట్టామీద గిరగిరా తిరుగుతూ పిల్లల్ని నవ్వించే బండి ఒక రకం నిజం. గోడవెంట అరమీద, వెడల్పాటి పట్టామీద, మెల్లగా వచ్చి ఆగే బండి మరో రకం నిజం. ఆ పక్కనే 12 మిల్లీమీటర్ల పట్టామీద నిలబడ్డ అజంతా ఎక్స్‌ప్రెస్... అది ఈ ఊళ్లో ఇంకెక్కడా కనిపించని నిజం. ఏది కావాలో తేల్చుకున్నాకే చక్రం కొనాలి. ఎందుకంటే పెట్టె రంగు నచ్చకపోతే మళ్లీ వేసుకోవచ్చు. చక్రం మారిస్తే ఊరే మారిపోతుంది!